తెలియని మాట ఎదురైతే...

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పేవాళ్ళం. మమ్మల్ని ఇంగ్లీషు పరీక్ష గురించి మాట్లాడమన్నారు. ఇదేమిటని కొందరికి వింతగా తోచవచ్చు. కాని పదో తరగతిలో మన పిల్లల కాళ్ళకు అడ్డం పడే పేపర్లలో ఇంగ్లీషు ఒకటి. మిగతావన్నీ గట్టెక్కి, ఆ ఒక్కటి పోయి, మళ్ళీ రాయడానికి మనసు రాక దుకాణంలో పనికి కుదిరిన పిల్లలు మన వాడల్లో లేరా? ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

పరీక్షలో ఒక పేరా ఇస్తారు. కింద ప్రశ్నలు ఉంటాయి. మన పిల్లవాడు రెండో వాక్యంలో తెలియని మాట చూస్తాడు. అక్కడే ఆగిపోతాడు. ఆ మాట గోడలా నిలబడుతుంది. గోడ అవతల తనకు తెలిసిన మాటలు యాభై ఉన్నా అటు పోడు. "సార్, ఈ పాఠం మాకు చెప్పలేదు" అంటాడు. చెప్పని పేరాయే ఇస్తారు నాయనా, అది చదవడానికి పెట్టిన పరీక్ష!

ఇక్కడ మేము గట్టిగా చెప్పదలచిన సంగతి ఒకటుంది. తెలియనిదాన్ని చుట్టుపక్కల మాటలనుబట్టి తెలుసుకునే విద్య ఉర్దూ చదివే పిల్లలకు ముందే ఉన్నది. ఎలాగంటారా? ఉర్దూలో జేర్, జబర్, పేష్ మామూలుగా రాయరు. మీమ్, లామ్, కాఫ్ అని మూడు అక్షరాలు రాసి ఉంటే అది ముల్క్ కావచ్చు, దేశం. మలిక్ కావచ్చు, రాజు. మిల్క్ కావచ్చు, ఆస్తి. మలక్ కావచ్చు, దేవదూత. అలిఫ్, సీన్ రాసి ఉంటే "ఇస్" అని చదవాలా, "ఉస్" అని చదవాలా? ఎవరూ పక్కన రాసిపెట్టరు. ఐదో తరగతి పాప కూడా వాక్యం చూసి సరిగ్గా చదివేస్తుంది. ఇంట్లో అమ్మీ ఉర్దూ పేపరు చదివేటప్పుడు ప్రతి వరుసలోనూ ఈ పనే చేస్తున్నది. మరి అదే తెలివి ఇంగ్లీషు పేరా ముందు ఎందుకు మూగబోవాలి? భయం వలన. అంతే.

ఒక ఉదాహరణ చూడండి. "ఎండ మండిపోతున్నది. బర్రెలు లెథార్జిక్‌గా పడి ఉన్నాయి. గడ్డి తెచ్చి వేసినా తల ఎత్తలేదు." లెథార్జిక్ అంటే ఏమిటి? మీలో చాలామంది అప్పుడే చెప్పేశారు. చురుకు లేకుండా, మందకొడిగా అని. డిక్షనరీ ఎవరు తెచ్చారు?

రెండో ఉపాయం మాటను విడదీయడం. ఇదీ మనకు కొత్త కాదు. బేకార్‌లో "బే", నాఖుష్‌లో "నా", గైర్‌హాజర్‌లో "గైర్" లేదని, కాదని చెబుతాయి. ఇంగ్లీషులో "అన్", "లెస్" చేసే పనీ అదే. అన్‌బ్రేకబుల్ అనే పొడుగాటి మాటను విడదీస్తే మధ్యలో మనకు తెలిసిన బ్రేక్ దొరుకుతుంది. పగలనిది అని తేలిపోతుంది. థర్మామీటర్‌ను ఉర్దూలో తపిష్‌పైమా అంటారు. తపిష్ అంటే వేడి, పైమా అంటే కొలిచేది. ఇంగ్లీషు మాటలోని రెండు ముక్కలకూ అర్థం అదే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో వెలిసింది. దానికి ఏడాది ముందే, 1917లో, పుస్తకాలు అనువదించడానికి దారుల్ తర్జుమా ఏర్పడింది. కొత్త శాస్త్రాల మాటలకు ఉర్దూలో మాటలు కూర్చినవారు ఈ నగరంలోనే కూర్చుని పనిచేశారు. ఒక సంగతి మరువకండి. చదువు ఉర్దూలో చెప్పినా అక్కడ ఇంగ్లీషు తప్పనిసరి సబ్జెక్టే. ఉర్దూ వస్తే ఇంగ్లీషు రాదన్న మాట మన పెద్దలు ఒప్పుకోలేదు.

అయితే విడదీసి ఊరుకోకూడదు. ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిది కాదు, వెల కట్టలేనిది. తేలిన అర్థాన్ని వాక్యంలో పెట్టి చూడాలి. అతికితే సరి. అతకకపోతే మళ్ళీ చూడాలి.

ఇక పరీక్ష హాలులో చేయవలసింది. ముందు ప్రశ్నలు చదవాలి. తర్వాత పేరాను ఎక్కడా ఆగకుండా చివరిదాకా ఒకసారి చదవాలి. తెలియని మాట కింద సన్నగా గీత గీసి ముందుకు పోవాలి. తర్వాత తనను తాను అడగాలి: ఈ మాటతో ఏ ప్రశ్నకైనా పని ఉన్నదా? లేకపోతే దాన్ని వదిలేయవచ్చు. ఉంటే అది ఇస్మా, ఫేలా, సిఫతా చూడాలి. ముందు వాక్యం, వెనుక వాక్యం చూడాలి. "బట్" ఉంటే అర్థం అటునుంచి ఇటు తిరుగుతుంది. "బికాజ్" ఉంటే కారణం పక్కనే ఉంటుంది. పెద్ద అక్షరంతో మొదలై వాక్యం నడుమ ఉన్న మాట చాలాసార్లు మనిషి పేరో ఊరి పేరో అయి ఉంటుంది, దానికి అర్థం వెతుకుతూ కూర్చోవద్దు. జవాబు మాత్రం ఖాళీగా వదలవద్దు.

కాని ఉపాయాలతోనే అంతా నెగ్గదు. న్యూజిలాండ్ భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్, ఆయన సహచరులు చేసిన పరిశోధనల ప్రకారం, ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే నూటికి దాదాపు 98 మాటలు తెలిసి ఉండాలి. పది మాటలకు మూడు తెలియకపోతే ఊహకు ఆధారమే ఉండదు. కనుక ఏడాది పొడుగునా తేలిక పుస్తకాలు చదివించాలి.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరచి అమ్ముతారు. నాంపల్లి నుంచి నడిచిపోవచ్చు. పిల్లవాణ్ణి వెంట తీసుకుపోండి. ఒక పుస్తకం తెరిచి, సుమారు నూరు మాటలున్న చోట చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. రెండు మూడు వేళ్ళు ముడిస్తే కొనండి. చేయంతా ముడుచుకుపోతే ఆ పుస్తకం వచ్చే ఏటికి. దారిలో దుకాణాల బోర్డులు చదివించండి. పక్కపక్కనే తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఉన్న బోర్డు ఉచితంగా దొరికే డిక్షనరీ.

తల్లులకు ఒక మనవి. "మాకు ఇంగ్లీషు రాదు, మేమేం చెప్పగలం" అనవద్దు. రాత్రి భోజనాలయ్యాక పిల్లను ఒక ఇంగ్లీషు పేరా చదవమని, అందులో ఏముందో ఉర్దూలో చెప్పమనండి. ఎక్కడ తడబడితే అక్కడ "తర్వాత ఏమైంది బేటా?" అని అడగండి. ఆ ప్రశ్న కోసం పిల్ల గోడ దాటి ముందుకు చదువుతుంది. ఈ పాఠం చెప్పడానికి మీకు ఇంగ్లీషు అక్కరలేదు.

సంఘం వారు స్కాలర్‌షిప్పులు, నోటుబుక్కులు ఇస్తున్నారు, సంతోషం. వాటితోపాటు తేలిక ఇంగ్లీషు పుస్తకాలున్న ఒక అలమారా కూడా పెట్టాలని, ఇంటికి తీసుకుపోయి చదువుకోనివ్వాలని కార్యవర్గాన్ని కోరుతున్నాం. పుస్తకాలు ఏరి తెచ్చే పని మా ఉపాధ్యాయులకు అప్పగించండి.