పెరటి మడిలో పటకారు పురుగు - పాడి ఇంటికి తగిన నివారణ

(చిట్యాలలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సంఘం లెక్కలు చూసే మనిషి పురుగుల ముచ్చట ఎత్తుకున్నాడేమిటని మీరు అనుకోవచ్చు. కారణం ఉన్నది. మన ఇళ్ళలో బర్రెల కొట్టం, పెంటకుప్ప, కూరగాయల మడి ఒకే పెరట్లో ఉంటాయి. మడిలో చల్లిన మందుకు పాల క్యాను ఎంతో దూరం కాదు.

నేను తనిఖీకి వెళ్ళిన ఒక గ్రామంలో ఒక సభ్యురాలు వరుసగా పది రోజులు పాలు పోయలేదు. ఎందుకని అడిగాను. తోటకూర, వంగ మొలకలకు రాత్రికి రాత్రి చిల్లులు పడుతుంటే, పత్తి చేనుకు తెచ్చి మిగిలిన మందును మడిలో కొట్టారట. మరునాడు ఏరి పారేసిన ఆకు కుడితి గోళెంలో పడింది. సాయంత్రానికి బర్రెకు నోటి వెంట చొంగ, ఒళ్ళంతా వణుకు. పశువైద్యుడు సకాలంలో వచ్చినందున బతికింది. ఆయన చెప్పిన ప్రకారం పది రోజుల పాలు పారబోసింది. "పురుగు తిన్నది పిడికెడు కూర సారూ, మందు తిన్నది పది రోజుల పాలు" అన్నది ఆమె.

ఇంతకూ ఆ పురుగు ఏది? రాత్రి దీపం పట్టుకొని చూడండి. గోధుమ లేక నలుపు రంగు, సన్నని పొడవాటి దేహం, తోక చివర పటకారు వంటి రెండు కొనలు ఉంటాయి. ఇంగ్లీషులో ఇయర్‌విగ్ అంటారు. మక్క చేనును తినే కత్తెర పురుగు వేరు, ఇది వేరు. చెవిలో దూరడం దీని పని అనేది వట్టి అపోహ. పటకారుతో కొద్దిగా గిల్లగలదు గాని విషం లేదు. ఆకు మీద జిగురు చార కనిపిస్తే అది నత్త పని. రెట్ట కనిపిస్తే గొంగళి పని. దొంగను గుర్తించనిదే శిక్ష వేయరాదు.

ఇది పగలు తడి, చీకటి ఉన్న చోట దాగుతుంది. తల్లి పురుగు గుడ్ల మీద కోడిపెట్ట వలె కాపలా ఉంటుంది. దీనికి మంచి గుణమూ ఉన్నది. పేనుబంకను, ఇతర పురుగుల గుడ్లను తింటుంది. కావున ఎదిగిన మొక్కల మీద కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. నష్టమంతా లేత మొలకల దగ్గర. పల్లి చేలలో మాత్రం దీనిలో ఒక జాతి కాయకు చిల్లి పెట్టి గింజ తింటుంది.

నివారణకు పైసా ఖర్చు లేదు:

1. పెంటకుప్ప, తడి గడ్డి, పాత పలకలు మడికి దూరంగా ఉంచండి. బాగా మాగిన ఎరువే వేయండి. కొట్టం కడిగిన నీరు మడి పక్కన నిలవనీయకండి.

2. మొలకలకు సాయంత్రం గాక ఉదయం నీరు పెట్టండి. రాత్రికి పైమన్ను ఆరుతుంది.

3. పొద్దుగూకే వేళ తడిపిన గోనె ముక్కను చుట్టగా చుట్టి, లేదా వెదురు బొంగు ముక్కను మొక్కల మధ్య ఉంచండి. తెల్లవారగానే సబ్బు నీటిలో దులపండి. మందు కొట్టని పెరడైతే కోళ్ళ ముందు దులపవచ్చు. మొలకలు గట్టిపడే వరకు రోజూ చేయండి.

4. మొలకల చుట్టూ పొయ్యి బూడిద గీత వేయండి. తడిస్తే పని చేయదు, మళ్ళీ వేయాలి.

ఇక మందుల సంగతి. వ్యవసాయంలో డి.డి.టి. వాడకాన్ని 1989లో నిషేధించారు. బి.హెచ్.సి. పొడిని 1997లో నిషేధించారు. ఇవి కొవ్వులో కరిగి, పశువు ఒంట్లో నిలిచి, పాలలోకి దిగుతాయి. మనకు ధర వచ్చేది వెన్న శాతం మీద. ఆ విషం దాగేదీ ఆ వెన్నలోనే. కాచినంత మాత్రాన పోదు. అటక మీద పాత డబ్బా ఏదైనా ఉంటే తీసి వాడకండి. ఏ మందు కొట్టిన చేను గడ్డినైనా, డబ్బాపై రాసిన గడువు దాటే వరకు పశువుకు వేయకండి. పొరపాటు జరిగితే డబ్బాను వైద్యునికి చూపండి. ఆయన చెప్పే వరకు కేంద్రంలో పాలు పోయకండి.

ఒకరి పాలు అందరి పాలలో కలుస్తాయి. ఆ సభ్యురాలు పది రోజుల సొమ్ము వదులుకొని సంఘం పేరు నిలిపింది. మనకు అంత నష్టం రాకుండా ఒక గోనె ముక్క చాలు.