సంస్కృతీ అధ్యయనము: శాస్త్రమా, కూడలియా?



పత్రికలు, పాటలు, సామాన్యుల జీవనము మొదలగువానిని పరిశీలించు సంస్కృతీ అధ్యయనము స్వతంత్ర శాస్త్రమా, అనేక శాస్త్రముల కూడలియా? ఈ వ్యాజ్యమున ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ చరిత్రమే ముఖ్యసాక్షి. అచ్చట ఆంగ్లసాహిత్యాచార్యుడగు రిచర్డ్ హోగార్ట్ 1964లో సమకాలిక సంస్కృతీ అధ్యయన కేంద్రమును స్థాపించెను. పిమ్మట స్టూవర్ట్ హాల్ దానిని నడపెను.

వీథిదోపిడీలను గూర్చి బ్రిటనులో చెలరేగిన భయోత్పాతముపై హాల్, మరి నలుగురు సహచరులు 1978లో ఒక గ్రంథమును వెలువరించిరి. నేరమును మాత్రమే చూచు న్యాయవాదికి పత్రిక కానరాదు. వార్తను మాత్రమే చూచువానికి న్యాయస్థానము కానరాదు. పత్రికలు, పోలీసులు, న్యాయమూర్తులు ఒకరి మాట నొకరు బలపరచుచు నల్లజాతి యువకులపై అనుమానము నెట్లు పెంచిరో చూపుటకు ఏ యొక్క శాస్త్రమును చాలదు. కనుక పద్ధతిలో నిది కూడలియే.

అయినచో, అన్ని శాఖలలోను ఉన్నదానికి వేరు శాఖ యెందుకని కొందరందురు. ఆ యైదుగురు ఒక్క కప్పు క్రింద కూడినందుననే గదా ఆ గ్రంథము పుట్టినది! కాలక్రమమున శాఖగా మారిన ఆ కేంద్రము, విద్యార్థులు నిరసించినను, 2002లో మూయబడెను. ఆ విద్య యితర దేశములలో నేటికిని బ్రతికియున్నది. పుట్టినింట మాత్రము దానికి చోటు లేకపోయెను.

కావున సోదరులారా, పద్ధతికి హద్దురాళ్లు వలదు; ఆశ్రయమునకు మాత్రము స్వతంత్ర శాస్త్రముతో సమానమైన హక్కు కావలయును. కూడలికిని చోటు వలయును గదా!