విశ్వాసం వల్ల నీతి, దేవుని ఏర్పాటు



రెండేళ్ల కిందట మా పెద్దమ్మ నన్నొక ప్రశ్న అడిగింది. ఆమె కొడుకు, నాకు అన్న వరస, యాభై నిండకుండానే పోయాడు. చిన్నప్పుడు సండే స్కూలుకు వెళ్లినవాడే. పెద్దయ్యాక ఫ్యాక్టరీ పని, రాత్రి షిఫ్టులు, స్నేహితులు. మెల్లగా చర్చికి రావడం మానేశాడు. పోయిన తరువాత జరిగిన ఆదరణ కూటంలో ఒక బంధువు, ‘ఏర్పాటులో ఉన్నవాడైతే ఇలా తప్పిపోయేవాడా’ అన్నాడు. వంటింట్లో ఉన్న పెద్దమ్మ చెవిన ఆ మాట పడింది. అందరూ వెళ్లిపోయాక నన్ను పిలిచి, ‘పాపా, నువ్వు బీఈడీ చదివినదానివి. నా కొడుకును దేవుడు ఏరుకోలేదా? నువ్వైనా చెప్పు’ అంది. ఆ రోజు నాకు నోరు పెగల్లేదు.

ఆ ప్రశ్న వెనుక క్రైస్తవ మతంలోని రెండు ముఖ్యమైన బోధలున్నాయి. ఒకటి, మనిషి విశ్వాసం వల్ల నీతిమంతుడుగా తీర్చబడతాడన్నది. రెండవది, దేవుడు తనవారిని ముందుగానే ఏర్పరచుకుంటాడన్నది. ఈ రెండూ ఎందుకు పుట్టాయో, ఎవరి కోసం పుట్టాయో తెలుసుకుంటే పెద్దమ్మకు జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

ముందు మాట సంగతి చూద్దాం. మన ప్రాంతంలో ఒకే వీధిలో మూడు భాషలు వినిపిస్తాయి. చర్చిలోనూ అంతే. పౌలు రోమా సంఘానికి రాసిన పత్రికలో ఒకే మాటను మూడు భాషల బైబిళ్లు మూడు విధాలుగా చెప్పాయి. తమిళంలో ‘ఆక్కు’ అన్న క్రియ వాడారు. అంటే నీతిమంతులుగా చేయడం. కన్నడంలో ‘నిర్ణయ’ అన్న మాట వాడారు. అంటే నీతిమంతులని న్యాయస్థానం తేల్చి చెప్పడం. తెలుగులో ‘తీర్చబడి’ అన్నారు. మనకు తగవు తీర్చినా తీర్చడమే, అప్పు తీర్చినా తీర్చడమే, వాకిట్లో ముగ్గు తీర్చినా తీర్చడమే. తీర్పు చెప్పడమూ, తీర్చిదిద్దడమూ రెండూ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయి. ఐరోపాలో క్రైస్తవులు నాలుగు వందల ఏళ్లకు పైగా వాదించుకున్నది సరిగ్గా ఈ రెండు అర్థాల గురించే. దేవుడు పాపిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, లేక నీతిమంతుడుగా మారుస్తాడా?

ఈ బోధకు మూలం ఎక్కడుంది? గలతీ పత్రికను చూస్తే, అది ఒక భోజనపు పంక్తి దగ్గర జరిగిన తగవులో కనిపిస్తుంది. అంతియొకయ పట్టణంలో యూదులైన విశ్వాసులు, యూదులు కాని విశ్వాసులు కలిసి భోంచేసేవారు. పేతురు కూడా వారితో కూర్చునేవాడు. యెరూషలేము నుంచి కొందరు పెద్దలు రాగానే ఆయన భయపడి పంక్తి నుంచి వెనక్కు తగ్గాడు. పౌలు అందరి ఎదుటా ఆయనను నిలదీశాడు. ధర్మశాస్త్రం చెప్పిన క్రియల వల్ల గాక, యేసుక్రీస్తునందలి విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడుగా తీర్చబడతాడని పౌలు ఆ సందర్భంలోనే రాశాడు. కనుక ఈ బోధ అడిగే మొదటి ప్రశ్న, ‘నీ పక్కన ఎవరు కూర్చోవచ్చు?’ అన్నది. దేవుడు ఇద్దరినీ ఒకే ఆధారం మీద అంగీకరించినప్పుడు, ఒకరు పీట మీదా మరొకరు గడప బయటా కూర్చోవడానికి వీల్లేదు. మన చర్చిల్లో కులాన్ని బట్టి వరుసలూ, సమాధి స్థలాలూ వేరు చేసుకున్న ఊళ్లు ఉన్నాయి. ఆదివారం ఈ బోధను వల్లించి, సోమవారం పంక్తి భేదం పాటిస్తే మనం పేతురు చేసిన పొరపాటే చేస్తున్నాం.

ఇక మార్టిన్ లూథర్ సంగతి. 1483లో జర్మనీలో పుట్టిన లూథర్ సన్యాసిగా ఉపవాసాలు చేశాడు, జాగరణలు చేశాడు, గంటల తరబడి పాపాలు ఒప్పుకున్నాడు. అయినా మనసుకు శాంతి లేదు. ‘దేవుని నీతి’ అన్న మాట వింటేనే ఆయనకు భయం వేసేది. ఆ నీతి అంటే తనను శిక్షించే నీతి అనుకున్నాడు. రోమా పత్రిక చదువుతూ చదువుతూ, అది దేవుడు దానంగా ఇచ్చే నీతి అని గ్రహించాడు. తనకు స్వర్గద్వారం తెరిచినట్లయిందని 1545లో, చనిపోవడానికి ఏడాది ముందు, తన లాటిన్ రచనల ముందుమాటలో రాసుకున్నాడు. అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అని ఆదికాండంలో ఉన్న మాటను పౌలు ఆధారం చేసుకున్నాడు. లూథర్ ఆ పౌలును ఆధారం చేసుకున్నాడు.

కతోలిక సంఘం 1547లో ట్రెంట్ మహాసభలో దీనికి బదులు చెప్పింది. కృప లేనిదే ఎవరూ రక్షణ పొందలేరని ఆ సభ కూడా ఒప్పుకుంది. అయితే, తీర్చబడడమంటే పాపాలు క్షమించడం మాత్రమే కాదు, లోపలి మనిషి కొత్తవాడు కావడం కూడా అని చెప్పింది. క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు పత్రికను గుర్తు చేసింది.

నేను బడిపంతులమ్మను కనుక నా అనుభవంలోంచి ఒక పోలిక చెబుతాను. ‘మార్కులు వస్తేనే నువ్వు నా బిడ్డవి’ అని తండ్రి చెప్పిన పిల్ల పరీక్షలో వణుకుతుంది. వచ్చిన జవాబు కూడా మరిచిపోతుంది. ‘ఫలితం ఎలా వచ్చినా నువ్వు నా బిడ్డవే’ అని విన్న పిల్ల నిబ్బరంగా రాస్తుంది. ఆ మాట విన్నాక చదవడం మానేస్తుందా? కొందరు మానేయవచ్చు. కానీ ఎక్కువమంది అప్పుడే ఇష్టంతో చదవడం నేను చూశాను. పౌలు ఎఫెసీ పత్రికలో ఈ క్రమమే చెప్పాడు. రక్షణ కృప వల్ల, విశ్వాసం ద్వారా కలిగేది. అది క్రియల వల్ల కలిగింది కాదు కనుక ఎవరూ గొప్పలు చెప్పుకోకూడదు. ఆ వెంటనే, మనం సత్క్రియల కోసం సృష్టించబడ్డామనీ అన్నాడు. ముందు దానం, తరువాత పని.

1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం ఈ విషయంపై ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాక, కృప వల్లనే దేవుడు మనలను అంగీకరిస్తాడనీ, పరిశుద్ధాత్మ మనలను మార్చి సత్క్రియలకు పురికొల్పుతాడనీ ఇద్దరూ కలిసి ఒప్పుకున్నారు. 2006లో మెథడిస్టులు, 2017లో కాల్విన్ సంప్రదాయానికి చెందిన సంఘాలు కూడా అందులో చేరాయి. తేడాలన్నీ పోలేదు. కానీ 16వ శతాబ్దంలో ఒకరినొకరు శపించుకున్న శాపాలు నేడు ఈ ప్రకటనలో చెప్పిన బోధకు వర్తించవని అంగీకరించారు. 1842లో హేయర్ అనే మిషనరీ గుంటూరులో అడుగుపెట్టినప్పటి నుంచి తెలుగు నేల మీద లూథరన్లు ఉన్నారు. కనుక ఈ ఒప్పందం మన బంధువుల ఇళ్లకూ సంబంధించినదే.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నలోని రెండో మాట, ఏర్పాటు. పనులను బట్టి కాక కృపను బట్టి దేవుడు అంగీకరిస్తే, ఆ కృపను కొందరు అందుకోవడం, కొందరు అందుకోకపోవడం ఎందువల్ల? అయిదో శతాబ్దంలో అగస్టీను దీని గురించి లోతుగా ఆలోచించాడు. నమ్మడం కూడా దేవుడిచ్చిన వరమే అన్నాడు. 16వ శతాబ్దంలో కాల్విన్ దాన్ని మరింత పదునుగా చెప్పాడు. కొందరిని జీవానికి, కొందరిని నాశనానికి దేవుడు ముందుగానే నిర్ణయించాడన్నాడు. హాలండులో అర్మీనియస్ అనే పండితుడికి ఇది మింగుడు పడలేదు. ఎవరు నమ్ముతారో దేవునికి ముందే తెలుసు, ఆ తెలివిడిని బట్టే ఏర్పాటు అని ఆయన వాదం. ఆయన పోయిన తరువాత 1618, 1619 సంవత్సరాల్లో డోర్ట్ పట్టణంలో సభ జరిపి ఆయన అనుచరుల వాదాన్ని తోసిపుచ్చారు.

నూరేళ్లు గడిచాక ఇంగ్లండులో అదే తగవు మళ్లీ లేచింది. జాన్ వెస్లీ, జార్జి విట్‌ఫీల్డ్ ప్రాణస్నేహితులు. 1739లో వెస్లీ, కృప అందరికీ ఉచితమని ప్రసంగించి అచ్చు వేయించాడు. విట్‌ఫీల్డ్ కాల్విన్ పక్షాన నిలిచి బదులు రాశాడు. ఇద్దరి దారులూ వేరయ్యాయి. అయినా 1770లో విట్‌ఫీల్డ్ చనిపోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం లండనులో స్మారక ప్రసంగం చేసినది వెస్లీయే. మన దక్షిణదేశంలో 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో వెస్లీ వారసులూ, కాల్విన్ వారసులూ ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకుంటున్నారు.

ఇలాంటి చర్చ క్రైస్తవులకే పరిమితం కాదు. మన పొరుగునే ఉన్న శ్రీవైష్ణవుల్లో వడగలై, తెంగలై వారి మధ్య మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అన్న ఉపమానాలు ప్రసిద్ధం. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది. పిల్లికూనను తల్లే నోట కరచుకుని పోతుంది. దేవుని కృప ముందు మనిషి ప్రయత్నానికి చోటెంత అన్నదే అక్కడి ప్రశ్న కూడా. రెండు మతాల సిద్ధాంతాలు ఒకటని నేననడం లేదు. మనిషి మనసు ఏ గుడిలో ఉన్నా ఈ ప్రశ్న దగ్గరకు వచ్చి నిలబడుతుందని మాత్రమే అంటున్నాను.

ఇకపోతే, ఏర్పాటును తలరాత అనుకోవడం పొరపాటు. తలరాత అనుకున్నప్పుడు మనం నిట్టూర్చి ఊరుకుంటాం. దేవుడు అబ్రాహామును పిలిచినప్పుడు, నీ ద్వారా భూమి మీది వంశాలన్నీ ఆశీర్వాదం పొందాలని చెప్పాడు. అంటే ఒకరిని ఏర్పరచింది అందరి మేలు కోసం. రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయంలో యాకోబు, ఏశావుల గురించి చదివి అక్కడితో పుస్తకం మూసేసేవారు చాలామంది. పదకొండో అధ్యాయం దాకా చదవాలి. అక్కడ పౌలు ఒలీవ చెట్టుకు కట్టిన అంటు గురించి చెబుతాడు. మామిడి తోటలున్న మన జిల్లాలో అంటు సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. అంటుకట్టిన కొమ్మ విరిగిపడిన కొమ్మను చూసి గర్వపడకూడదు, దేవుడు దాన్ని తిరిగి అంటుకట్టగలడు అంటాడు. చివరకు, దేవుడు అందరి మీదా కరుణ చూపదలచాడనీ, ఆయన మార్గాలు మనకు అందవనీ చెప్పి స్తుతితో ముగిస్తాడు. లెక్క తేల్చి జాబితా చేతికివ్వడు.

ఏర్పాటును గట్టిగా బోధించినవారే ఈ విషయంలో ఎంత జాగ్రత్త పడ్డారో చూడండి. నేను ఏర్పడినవాడినో కాదో అని లూథర్ కుమిలిపోయినప్పుడు, ఆయన పెద్ద స్టౌపిట్స్, ఆ సంగతి క్రీస్తు గాయాలలో వెతుక్కోమన్నాడు. కాల్విన్ కూడా, ఏర్పాటును మనలో మనం వెతకరాదు, క్రీస్తే దానికి అద్దం అన్నాడు. అంత కఠినమైన డోర్ట్ సభ సైతం, తమలో విశ్వాసం బలంగా కనిపించనివారు తాము తోసివేయబడ్డామని బెదిరిపోకూడదని రాసింది. పసితనంలో బిడ్డలను పోగొట్టుకున్న భక్తిగల తల్లిదండ్రులు ఆ బిడ్డల రక్షణను శంకించకూడదనీ రాసింది. కతోలిక సంఘం ఎందరినో పునీతులుగా ప్రకటించింది గాని, ఫలానా మనిషి నశించాడని ఒక్కరిని గురించీ ప్రకటించలేదు.

అంటే ఈ బోధ తన గురించి భయపడుతున్నవారికి ధైర్యం చెప్పడానికీ, తన భక్తిని చూసుకుని మురిసేవారికి తల వంచడానికీ వచ్చింది. ఎదుటివాడిని కొలవడానికి దీన్ని కొలబద్దగా ఎవరూ ఇవ్వలేదు. ఆదరణ కూటంలో మా బంధువు చేసిన తప్పు అదే. దేవుని చేతిలో ఉన్న తీర్పును తన చేతిలోకి తీసుకున్నాడు. విశ్వాసం వల్లనే రక్షణ అని నోటితో చెబుతూ, చర్చి హాజరు పట్టీ చూసి మార్కులు వేశాడు.

కొన్ని వారాల తరువాత పెద్దమ్మ దగ్గరకు వెళ్లాను. ‘పెద్దమ్మా, అన్న సంగతి నాకు తెలియదు. ఆ మాట అన్నాయనకూ తెలియదు. తెలిసినవాడు దేవుడొక్కడే. నువ్వు నమ్మిన దేవుడు, తొంభై తొమ్మిది గొర్రెలను వదిలి ఒక్కదాని కోసం వెతుక్కుంటూ పోయినవాడు కదా. ఆయన చేతిలో బిడ్డను పెట్టి ధైర్యంగా ఉండు’ అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ‘వాడు రాత్రి షిఫ్టుకు పోయేటప్పుడు, అమ్మా ప్రార్థన చెయ్యి అని అడిగేవాడు’ అంది.

ఆ మాటకు ఎన్ని మార్కులు వేయాలో నిర్ణయించే అధికారం నాకు లేదు. లేనందుకు సంతోషంగానే ఉంది. దుఃఖంలో ఉన్న ఇంటికి వెళ్లేటప్పుడు మనం ఏ మతం వారమైనా ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే చాలు. తీర్పు చెప్పడం మన పని కాదు. పక్కన కూర్చోవడం మన పని.