మట్టి తట్ట దించిన చోట

నెల్లూరు తీరం వెంట సాగే బకింగ్‌హామ్ కాలువకు 1876-78 నాటి ధాత కరువుతో గట్టి సంబంధముంది. అప్పట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోదే. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని చూపించారు.

పని ఆగిన వేళ బోధకులు కూలీల మధ్యే కూర్చునేవారు. ప్రయాసపడి భారం మోసేవారిని యేసు తన దగ్గరికి పిలిచిన మాట, మత్తయి సువార్త 11వ అధ్యాయంలోది, వాళ్లకు చెప్పేవారు. అప్పుడే తట్ట దించిన మనిషికి దాన్ని ఎవరు విడమరచాలి? ఎన్నో కుటుంబాల విశ్వాసం ఆ మట్టిపనిలోనే మొలకెత్తింది.

కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు సాయం సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. ఈ కథలో అన్నిటికన్నా గొప్పది ఆ నిగ్రహమే.

బాప్తిస్మాలు మళ్లీ మొదలయ్యాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.