పరీక్షించువారు – మందులమ్మువారు



టికియాపారా డిపోకు వచ్చిన రైలుపెట్టెను మరల ప్రయాణమునకు పంపుటకు ముందు పరీక్షింతురు. అనుమానము కలిగినంతనే లోపము రుజువైనట్లు కాదు. నిదానించి చూచిన పిమ్మటనే నిర్ణయము. పరీక్షించు ఉద్యోగి కొత్త చక్రములను అమ్ముకొనువాడును కాడు. రైలుపెట్టె విషయమున ఇంత జాగ్రత్త వహించు సమాజము బిడ్డల మనస్సులను పరీక్షించునపుడు అంతకంటె మెలకువతో నుండవలదా?

పరీక్ష అవసరమే. 2015–16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వే 13–17 యేండ్ల వారిలో 7.3 శాతము మందికి మానసిక రుగ్మతలున్నట్లు తేల్చినది. ఈ విద్య గంగాతీరమునకు కొత్తయును కాదు. 1933లోనే గిరీంద్రశేఖర బోసు కలకత్తాలోని కార్మైకేల్ వైద్యకళాశాలలో, అనగా నేటి ఆర్.జి. కర్ ఆసుపత్రిలో, మానసిక రోగులకై బయటి రోగుల విభాగమును ప్రారంభించెను. కావున ప్రశ్న పరీక్ష వలదా యని కాదు. ఎవరి సొమ్ముతో, ఎవరి లాభమునకు అన్నదే ప్రశ్న.

ఈ విషయమున అమెరికా అనుభవము గుణపాఠము వంటిది. కొలంబియా విశ్వవిద్యాలయమున పుట్టిన టీన్‌స్క్రీన్ అను పథకము బడిపిల్లలను ప్రశ్నపత్రముతో పరీక్షించెడిది. ఏ మానసిక వ్యాధికి ఏ మందు ముందుగా వాడవలెనో చెప్పు పట్టిక టెక్సాసు రాష్ట్రమున తయారైనది. దానికి ప్రభుత్వ ధనముతోపాటు మందుల కంపెనీల ధనమును చేరినది. అధ్యక్షుడు బుష్ నియమించిన సంఘము 2003 జూలై నాటి నివేదికలో ఈ రెంటిని ఆదర్శములుగా పేర్కొన్నది. తమకు కంపెనీల ధనము ముట్టలేదని టీన్‌స్క్రీన్ వారు చెప్పుకొనిరి. అయినను రోగిని వెదకు పద్ధతియు, మందును చూపు పట్టికయు ఒకే నివేదికలో ప్రక్కప్రక్కన నిలిచినవి.

అధికారులను ప్రలోభపెట్టి తన మందును పట్టికలో ముందుకు తెచ్చుకొన్నదని జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థపై టెక్సాసు ప్రభుత్వము వ్యాజ్యము నడపగా, ఆ సంస్థ తప్పు ఒప్పుకొనకయే 2012 జనవరిలో 15.8 కోట్ల డాలర్లు చెల్లించుటకు రాజీపడినది. తల్లిదండ్రుల స్పష్టమైన అనుమతి లేక పరీక్ష జరిపిరని 2005లోనే ఇండియానా రాష్ట్రమున ఒక కుటుంబము న్యాయస్థానమున కెక్కినది. టీన్‌స్క్రీన్ 2012లో మూతపడినది.

మందులు పనికిరానివని దీని యర్థము కాదు. సమయమునకు అందిన మందు ప్రాణము నిలుపును. కాని పిల్లలకు కుంగుబాటు మందులిచ్చి జరిపిన ప్రయోగములలో ఆత్మహత్యా చింతన, ప్రవర్తన నూటికి నలుగురిలోను, ఉత్తుత్తి మాత్ర మ్రింగినవారిలో నూటికి ఇద్దరిలోను కనబడుటచే, 2004 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ మందుల వివరపత్రములలో నల్లగీటు హెచ్చరికను విధించినది. కుంగుబాటును గుర్తించుటకు భారతదేశమునను వాడుకలోనున్న తొమ్మిది ప్రశ్నల పత్రము సైతము ఫైజర్ కంపెనీ ధనసహాయముతో రూపొందినదే. అంతమాత్రమున ఆ పత్రము అబద్ధము కాదు. పుట్టుక తెలిసి వాడుట వివేకము.

స్వదేశమునను ప్రభుత్వ ప్రయత్నములు పెరుగుచున్నవి. 2014లో జాతీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము, 2022 అక్టోబరు 10న 14416 నంబరుపై టెలి-మానస్ ప్రారంభమైనవి. విశాఖపట్నమున జరిగిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యములో 2025 జూలై 25న సుప్రీంకోర్టు, నూరుమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థ కనీసమొక అర్హత గల సలహాదారును నియమింపవలెనని ఆదేశించినది. వైద్యులకు కంపెనీలు కానుకలీయరాదని 2024 మార్చి నాటి కేంద్ర నియమావళి చెప్పుచున్నది.

పిల్లల బడి నుండి అనుమతి పత్రము ఇంటికి వచ్చినపుడు తల్లిదండ్రులు నాలుగు సంగతులడిగి తెలిసికొనవలెను. ఈ ప్రశ్నలను తయారుచేసిన దెవరు? ఖర్చు భరించుచున్న దెవరు? అనుమానము తోచిన బిడ్డతో తీరికగా మాటలాడు వైద్యుడో, సలహాదారుడో కలడా? బిడ్డ చెప్పిన రహస్యము ఎవరి చేతికి పోవును? తృప్తికరమైన జవాబులు వచ్చినచో వెనుకాడక సంతకము చేయవలెను. రానిచో వచ్చువరకు అడుగవలెను. బిడ్డ కంట నీరు రోగమో, పరీక్ష తప్పిన దిగులో తేల్చుటకు కాగితము చాలదు. కూర్చుండి వినువారు కావలెను. ప్రజల సొమ్ము మొదట అట్టివారి జీతములకు వినియోగపడుగాక!