గ్రామఫోను మొనకు కఱ్ఱతొడుగు



రికార్డు గాడిలో నడచు వజ్రపుమొన కంపించి, సన్నని తీగచుట్టను అయస్కాంతము నడుమ కదలించును. అందువలన పుట్టిన విద్యుత్తే మనకు పాటగా వినవచ్చును. ఈ పనిముట్టును కార్ట్రిడ్జి యందురు. జపాను ప్రసారసంస్థయగు ఎన్.హెచ్.కె.తో కలసి 1960ల తొలినాళ్లలో రూపొందింపబడిన డెనాన్ డి.ఎల్.-103 ఇట్టిదే. దాని ప్లాస్టిక్కు తొడుగు పలుచనిది. అది తానును కంపించి, గాయకుని గొంతులో తన గొంతు కలుపును. కావున కొందఱు దాని నూడదీసి, లోని యంత్రమును చేవకఱ్ఱలో తొలిచిన గూటియందు ఎపాక్సీ జిగురుతో నిలుపుదురు.

పనసకఱ్ఱ వీణకుండ తీగతోపాటు పలుకవలెను. ఈ కఱ్ఱ మౌనము వహింపవలెను. భేద మదియే.

జిగురు రెండుపాళ్లను చెప్పిన కొలత ప్రకారము కలిపి, పుల్లకొనతో కొంచెముగా, మొనకు దూరముగా పూయవలెను. నేనొకమారు త్వరపడి గూడు నిండ పోసితిని. రాత్రి యొక బొట్టు తీగచుట్టపైకి జాఱెను. తెల్లవాఱునప్పటికి కార్ట్రిడ్జి మూగవోయినది. గట్టిపడిన జిగురును గీకబోగా వెండ్రుకవంటి తీగయు తెగినది.

కఱ్ఱవలన బరువు హెచ్చును. కావున మొన యొత్తిడిని మఱల తూచి, సుమారు 2.5 గ్రాములకు సరిచేయవలెను.

చాలని జిగురును రేపు చేర్చవచ్చును, మించినదానిని మరలింపజాలము.