పలుకని రెండక్షరములు



మేము ఇంగ్లీషు నేర్చుకొనుట మొదలుపెట్టిన క్రొత్తలో ఒకనాడు తరగతిలో లేచి నిలిచి పాఠము పైకి చదువవలసి వచ్చెను. అందులో ఒక మాట యుండెను. ఎల్, ఏ, యూ, జీ, హెచ్ అను నక్షరములు వరుసగా కనబడినవి. అక్షరము కనబడిన పలుకవలయుననియే మన పెద్దబాలశిక్ష నేర్పినది గనుక, మేము ధైర్యముగా 'లాఘ్' అని చదివితిమి. తరగతి యంతయు గొల్లుమన్నది. ఆ మాట 'లాఫ్' అనియు, దాని యర్థము నవ్వు అనియు పిమ్మట తెలిసినది. అర్థము సహాధ్యాయుల వలన బోధపడినది. ఉచ్చారణము బెత్తము వలన బోధపడినది. కాని ఆ వెనుక చాలకాలము ఇంగ్లీషు పైకి చదువుమన్నచో మా నోరు పెగలలేదు. తప్పు మాది కాదని మాకాదినమున చెప్పినవారు లేరు. నేడు ఎన్నో యిండ్లలో పిల్లలు ఇట్టి మాటలయొద్దనే తడబడుచున్నారు గనుక, ఆ సంగతి ఇప్పుడు చెప్పదలచితిమి.

ఇంగ్లీషులో జీ, హెచ్ అను అక్షరములు జంటగా వచ్చు మాటలు మూడు తెగలుగా నున్నవి. మొదటి తెగలో ఆ జంట బొత్తిగా పలుకదు. నైట్ అనగా రాత్రి. లైట్ అనగా వెలుగు. హై అనగా ఎత్తైనది. ఎయిట్ అనగా ఎనిమిది. థాట్ అనగా తలంపు. డాటర్ అనగా కుమార్తె. రెండవ తెగలో ఆ జంట ఫకారమగును. కాఫ్ అనగా దగ్గు. రఫ్ అనగా గరుకైనది. టఫ్ అనగా గట్టిది. ఇనఫ్ అనగా చాలినంత. ట్రాఫ్ అనగా పశువులకు మేత, నీరు పెట్టు తొట్టి. మూడవ తెగలో ఆ జంట మాటకు మొదటనుండి గకారమగును. గోస్ట్ అనగా దయ్యము; గాస్ట్‌లీ అనగా భయంకరమైనది.

ఇందులోని చిక్కు చూడుడు. కుమార్తె అను నర్థము గల డాటర్ మాటలో మొదటి అక్షరమును మార్చి ఎల్ పెట్టినచో, నవ్వు అను నర్థము గల లాఫ్టర్ అగును. తక్కిన అక్షరములన్నియు అవియే, ఉచ్చారణము వేరు. ఆ నవ్వునకు ముందు ఎస్ చేర్చినచో స్లాటర్ అగును. దాని యర్థము వధ! ఒక్క అక్షరముతో నవ్వు వధగా మారినది; ఫకారము మరల మాయమైనది. దీనిని చూచి పిల్లవాడు తెల్లబోయినచో వింత యేమి?

ఇది యిట్లేల జరిగెను? పూర్వము ఇంగ్లీషువారు ఆ మాటలలో ఒక ధ్వనిని నిజముగనే పలికెడివారు. అది మన ఖకారమునకును హకారమునకును నడుమ, గొంతులో రాపిడితో పుట్టెడి ధ్వని. ప్రాచీన కాలమున దానిని హెచ్ అక్షరముతో వ్రాసిరి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, వ్రాయసగాండ్రు క్రమముగా దానికి జీని గూడ తోడుచేసిరి. తరువాత కొన్ని శతాబ్దులలో ఆ ధ్వని సడలిపోయినది. కొన్ని మాటలలో పూర్తిగా అణగినది. కొన్నింటిలో పెదవులయొద్దకు వచ్చి ఫకారమైనది. ఆ కాలముననే అచ్చుయంత్రము వచ్చెను. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టరునందు ఇంగ్లండులోని మొదటి అచ్చుకూటమును నెలకొల్పెను. అచ్చుపుస్తకములు పెరిగినకొలదిని వ్రాత గట్టిపడినది. నోరు మాత్రము మారుచునే యుండెను. జర్మనులు నేటికిని రాత్రిని 'నఖ్ట్' అనియే యందురు. ఇంగ్లీషులో చెరిగిపోయిన ధ్వని అక్కడ సజీవముగా నున్నది.

అంతకన్న మనకు దగ్గరి సాక్ష్యము కలదు. కార్తిక మాసమున మన యిండ్లలోని పెద్దలు పగలెల్ల ఉపవసించి, రాత్రి నక్షత్రదర్శనమైన పిమ్మట భుజింతురు. దానిని నక్తముండుట యందురు. ఆ నక్తమును, ఇంగ్లీషు నైట్‌ను ఒక్క మూలమునుండి వచ్చిన మాటలు. నక్తములో కకారమున్న చోటనే ఇంగ్లీషు మాటలో ఆ మూగజంట కూర్చున్నది. కుమార్తెను సంస్కృతమున దుహిత యందురు. డాటర్ దానికి చుట్టమే. ఎయిట్ అను మాట అష్టకు చుట్టము. సంస్కృతమునకును ఐరోపా భాషలకును గల ఇట్టి బాంధవ్యమును గూర్చి సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రసంగించెను. పలుకని అక్షరము ఆ బాంధవ్యమునకు మిగిలిన గురుతు.

అన్ని జంటలును ఇట్టి పాతకాపులే యని తలంపరాదు. ఆనందమను నర్థము గల డిలైట్ ఫ్రెంచి నుండి వచ్చినది. దానికి ఆ ధ్వని యెన్నడును లేదు. లైట్ మొదలగు మాటలను చూచి వ్రాతగాండ్రు దానికి గూడ తగిలించిరి. గోస్ట్‌లో హెచ్ చేరుట కాక్స్‌టన్ నాటి సంగతి. ఆయన అంతకుముందు బ్రూజెస్ నగరమున చాలకాలము నివసించెను. అచ్చటి ఫ్లెమిష్ వ్రాత ననుసరించి ఆ హెచ్ వచ్చినదందురు. ఇక ఘీ అనగా నేయి. ఆ మాట మన ఘృతమునుండి హిందీ మీదుగా వెళ్లినది. వారి నోట ఘకారము గకారమైనను, వ్రాతలో హెచ్ నిలిచియున్నది.

ఈ వింత మన భాషలో లేదనుకొనరాదు. సంవత్సరమను నర్థమున పూర్వులు 'ఏఁడు' అని అరసున్నతో వ్రాసిరి. సంఖ్యను 'ఏడు' అని వ్రాసిరి. నేడు రెంటిని ఒక్కరీతిగనే పలుకుచున్నాము. తమిళులు సంవత్సరమును 'ఆండు' అందురు. మన అరసున్న ఆ అనునాసికమునకే గురుతు. మనము దానిని వాడుకవ్రాతలో విడిచితిమి; ఇంగ్లీషువారు తమ జంటను విడువలేదు. అంతియే భేదము.

పిల్లలకు చెప్పదగిన సూత్రములు మూడు కలవు. మాటకు మొదట ఆ జంట వచ్చినచో గకారము. టీ అక్షరమునకు ముందు వచ్చినచో సాధారణముగా మౌనము. లాఫ్టర్ వంటివి కొద్ది. మాట చివర వచ్చినచో మౌనము కావచ్చును, ఫకారము కావచ్చును. దానిని విని నేర్వవలసినదే. అందుకే చెవికి పని చెప్పెడి రేడియో ఇట్టి చోట పుస్తకముకన్న మేలు.

మీ యింట చిన్నవాడు రేపు 'లాఘ్' అని చదివినచో కోపింపకుడు. వాడు వ్రాసినది వ్రాసినట్లు చదివినాడు. సరియైన పలుకు చెప్పి, ఆ రెండక్షరములు మూగవైన కథను గూడ చెప్పుడు. వాడు మరునాడు తరగతిలో నోరు విప్పి చదువును.